నడక కండ, పరుగు కండ

లాంగ్‌మీ
నాలుగో నెల, పౌర్ణమి మర్నాడు

నియెన్‌కు,

వాన మొదలైంది. కాలువ నీళ్లు బురద రంగుకు తిరిగి మెట్ల దాకా వచ్చాయి. ఇవాళ తెల్లవారకముందే, సంతలో అమ్మే ముద్ద కోసం తాక్‌లాక్ చేపల కండ గీకడానికి కూర్చుంటే లేచేసరికి మధ్యాహ్నమైంది. కత్తి అలుగంత పలచటి చేప, దాంట్లో అన్ని ముళ్లు. చెంచా పట్టీ పట్టీ బొటనవేలు కాయ కాసింది.

మీ అమ్మ పడింది. కంగారుపడకు. రేవు పలక నాచు పట్టి ఉంది. ఉప్పుబుట్ట పట్టుకుని దిగుతూ జారింది. కుడి మణికట్టు విరిగింది, తుంటికి కూడా దెబ్బ తగిలింది. కట్లు కట్టే ఆయన వెదురు బద్దలు వేసి, వానాకాలం పోయేదాకా రోకలి ముట్టొద్దన్నాడు. పెరట్లోకి దిగలేదు, ముందు గదిలో మంచం మీదే ఉంటోంది. నోరు మాత్రం విరగలేదు. "చేతికి కట్టావు సరే, నాలుక్కి కూడా కట్టి పో నాయనా, మా కోడలు నీకు విడిగా ఇచ్చుకుంటుంది" అని ఆయనతోనే అంది.

ఇక రోలు దగ్గర నేనే. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ గీకడం నాది, దంచడం ఆవిడది. ఇప్పుడు రెండూ నావే. రోకలి ఎత్తిన మొదటి రోజు కాలువలో సంతకు పోయేవాళ్లందరూ మెడలు చాచి చూశారు. ఈ ఇంట్లో రోలు అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తుంది, కూతురికి రాదు. ఆ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు.

చెయ్యి విరిగిందని నీకు రాయొద్దంది. రాశానని చెప్పకు.

మీ వదిన,
మన్


సాదెక్
నాలుగో నెల, అమావాస్య ముందు

వదినకు,

నీ ఉత్తరం కుండల పడవ నడిపే ఊత్ తెచ్చి ఇచ్చాడు. ఇక్కడా వానే. బట్టీల్లో పచ్చి ఇటుకల మీద తాటాకులు కప్పి కూర్చున్నారు.

నాకు రాయొద్దందా? సరే. పెళ్లి చేసి పంపించేశాక ఆవిడ చెయ్యి విరిగితే నాకేం, కాలు విరిగితే నాకేం. రోలు సంగతి రెండుసార్లు రాశావు వదినా. ఒకసారి రాసినా అర్థమయ్యేది.

నా సంగతి కూడా విను. అరుగు మీద సేమ్యా పులుసు కొట్టు పెట్టాను. అందులోకి చేప ఉండలు నేనే చేస్తున్నాను. ఎవరూ నేర్పలేదు, చిన్నప్పుడు దూరం నుంచి చూసిందే. ఆయన బట్టీ నుంచి వస్తూ సాయంత్రం రేవులో చేపలు కొనుక్కొస్తాడు, పొద్దున్నే నేను ముద్ద దంచుతాను. నమ్ముతావో లేదో, ఉండను పలక మీద వదిలితే మోకాలెత్తు ఎగురుతోంది. అచ్చం అమ్మ ఉండలాగే. మా అత్తగారు పిల్లల్ని పిలిచి మరీ ఎగరేసి చూపిస్తోంది. తినే వస్తువు అత్తయ్యా అంటే వినదు.

రంగే కొంచెం బూడిదగా వస్తోంది. ఇక్కడివాళ్లు రంగు చూడరులే. కానీ అమ్మ చేసిన ముద్ద పచ్చి కొబ్బరిలా ఉండేది. అదెలాగో నాకు తెలీదు. గీకేది నువ్వే కదా. ఒక్క ముక్క రాయి.

నియెన్


లాంగ్‌మీ
ఐదో నెల, పదో రోజు

నియెన్‌కు,

ఎండ కాసింది. ఇవాళ చాపలు, బుట్టలు ఎండేశాను.

తెల్లగా ఎలా వస్తుందని అడిగావు. అత్తయ్యను అడక్కుండా నేనెలా రాస్తాను? అడిగాను. "దానికి మొగుణ్ణిచ్చాను, చాల్లే" అంది. కాబట్టి నన్ను తప్పుపట్టకు.

నీ కొట్టు సంగతి చదివి వినిపించాను. పొరపాటు చేశాను. ఆ రోజు నుంచి రోజంతా నీ పేరే. అన్నం పెడితే "నియెన్ అయితే పులుసులో చింతపండు ఇంకాస్త వేసేది." తల దువ్వితే "నియెన్ చెయ్యి మెత్తన." నిన్న పక్కింటామె వస్తే, "మా అమ్మాయి ఎవరూ నేర్పకుండానే ఉండ ఎగరేస్తోందట" అని చెప్పింది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో చేపలు గీకుతున్నాను. మా కోడలు ఫలానా బాగా చేస్తుందని ఏ పక్కింటామెతోనూ ఆవిడ అన్నది నేను వినలేదు.

ఇక్కడంతా బాగానే ఉంది. ఇదివరకు అత్తయ్య సాయంత్రం బేరగాడి దగ్గర చేపలు కొని మర్నాటికి ఉంచేది. ఇప్పుడు మీ అన్నయ్య తెల్లవారుతూనే చెరువు దగ్గరికే వెళ్లి, వల లాగించి, ఎగిరెగిరి పడుతున్న వాటిని బుట్టలో పోసుకుని తెస్తున్నాడు. బుట్ట మోసేవాడి చెంపలు వాచేలా తోకలతో కొడతాయి. తెచ్చినవి తెచ్చినట్టే కోసి గీకుతున్నాను. ఇంత తాజా సరుకు మీ నాన్నగారి రోజుల్లో కూడా లేదు. అందరూ మెచ్చుకుంటున్నారు.

మన్


సాదెక్
ఆరో నెల, ఆరో రోజు

వదినకు,

పొద్దుటి నుంచి ముసురు. గిరాకీ లేదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఊత్ వచ్చాడు. "మా ఊరి ముద్ద ఎలా ఉందిరా" అని అడిగాను. కుండ దించి చెమట తుడుచుకుని, "అక్కా, మీ వదిన ఉండ పాలలా తెల్లగా ఉంటుంది. పులుసులో వేస్తే మబ్బులా విడిపోతుంది. చెంచాతో కాదు, వలతో పట్టుకు తినాలి" అన్నాడు. నేను నవ్వలేదు. అబద్ధం ఎందుకు, నవ్వాను.

అందరూ మెచ్చుకుంటున్నారని రాశావే!

అమ్మ దగ్గర్నుంచి కూడా ఉత్తరం వచ్చింది. పక్కింటి పిల్లతో రాయించింది, నీకు తెలిసే ఉంటుంది. ఎనిమిదో నెలలో నాన్న వర్ధంతి నాడు నువ్వు చేసిన ఉండను తనే పలక మీద వేసి చూస్తుందట. ఎగిరితే సరే. ఎగరకపోతే రోలు పడవెక్కించి తనూ నా దగ్గరికి వచ్చేస్తుందట. "కూతురికి నేర్పకూడదు గానీ, రోలు చెడ్డ ముద్దకు అలవాటు పడకూడదు" అని రాయించింది.

నేనేమీ అడగలేదు వదినా. ఆవిడే వస్తానంది. అరుగు మీద కుడివైపు స్తంభం పక్కన చోటు చూసి ఉంచాను. నేల గట్టిగా ఉంది, రోలు బరువుకు దిగబడదు.

వర్ధంతికి నేను రాలేను. అదే వారం మా మామగారిది కూడా వచ్చింది.

నియెన్


లాంగ్‌మీ
ఆరో నెల, ఇరవయ్యో రోజు

నియెన్‌కు,

వానలు. పని లేదు. సగం ముద్ద వెనక్కి వచ్చేస్తోంది.

నీకు తెలియాలనుంది కదా, తెలుసుకో. మన సంతలో సేమ్యా కొట్టామె పదిమందిలో నా ముద్ద వేళ్లతో నలిపి, "ఇది చేప ఉండా, తవుడు ఉండా తల్లీ?" అంది. ఉప్పు ఎక్కువ వేసి చూశాను, తక్కువ వేసి చూశాను. దంచినదాన్నే మళ్లీ దంచాను, భుజం పడిపోయేదాకా. నిన్ను అడగకూడదనుకున్నాను, ఇప్పుడూ అడగడం లేదు.

ఒక్కటే చెప్పు. అత్తయ్య నీకు ఏం చెప్పింది? నువ్వు రోకలి ముట్టకుండా పెరిగినదానివి, నీ ఉండ ఎగురుతుంది. నేను ఆరేళ్లు ఆవిడ పక్కన కూర్చున్నదాన్ని, నాది విడిపోతుంది. నాకు నేర్పినట్టు నటించి, అసలుది నీ పెళ్లి పెట్టెలో పెట్టి పంపించింది. కూతురికి నేర్పకూడదన్న మాట నన్ను నమ్మించడానికే.

కుడివైపు స్తంభం పక్కన ఎండ పడుతుంది. రోలు పగులుతుంది. ఎడమవైపు పెట్టుకో.

మన్


సాదెక్
ఏడో నెల, మూడో రోజు

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

అమ్మ నాకు చెప్పిందా? నాకు ఏడేళ్లప్పుడు ఒకసారి రోకలి పట్టుకుంటే వేళ్ల మీద కొట్టింది. "వదులు. ఇది రాబోయేదానిది" అంది. ఆ రాబోయేది ఎవరో మాకెవరికీ తెలీదు. నువ్వు ఎక్కడో పుట్టి, ఎవరింట్లోనో జడ వేయించుకుంటూ ఉండి ఉంటావు. నీ ముఖం చూడకముందే, నీ పేరు తెలియకముందే నీ మీద ఏడ్చినదాన్ని నేను. నువ్వు పెళ్లికూతురిగా పడవ దిగిన రోజు అందరూ నీ ముఖం చూశారు. నేను నీ చేతులు చూశాను.

నీకు రోలు ఇచ్చింది. నాకేం ఇచ్చిందో తెలుసా? గోనెపట్టా. సాయంత్రం నాన్న చేపలు తేగానే పెరట్లో పెద్ద జాడీ నీళ్లతో నింపి, వాటిని అందులో వదిలి, తడిపిన గోనె పైన కప్పడం నా పని. కప్పాక ఎత్తి చూడకూడదు. జాడీని తట్టకూడదు. కుక్కను అటు రానివ్వకూడదు. లోపల చీకట్లో అవి పైకొచ్చి గాలి మింగే చప్పుడు వింటూ కాపలా కాసేదాన్ని. పొద్దున అమ్మ మెల్లగా చెయ్యి పెట్టి ఒక్కోదాన్నే తీసి, అది తోక ఆడించేలోపే నెత్తిన ఒక్క దెబ్బ వేసేది. ఒకరోజు పుల్లతో పొడిచి ఆడుకున్నానని నాకు అన్నం పెట్టలేదు. ఆ రోజు ముద్ద చెడిందని అన్నయ్యకు కూడా తిట్లు పడ్డాయి. వాడేం చేశాడో పాపం.

అదీ నా చదువు. ఇప్పటికీ ఆయన చేపలు తేగానే నా చెయ్యి గోనె వెతుక్కుంటుంది. మా అత్తగారు "మీ ఊళ్లో చేపలకు దుప్పటి కప్పుతారేమిటే? జోల కూడా పాడు" అంటుంది. అలవాటు, పోలేదు.

ఇంతకు మించి ఆవిడ నాకేమీ ఇవ్వలేదు. కావాలంటే ఆ గోనె కూడా నువ్వే తీసుకో.

నియెన్


లాంగ్‌మీ
ఎనిమిదో నెల, పదమూడో రోజు

నియెన్‌కు,

వాన తెరిపిచ్చింది. కాలువ నిండుగా పోతోంది, గుర్రపుడెక్క కొట్టుకొస్తోంది. ఇవాళ సంతకు వెళ్లలేదు. పొద్దుటి నుంచి ఇల్లు తుడిచాను, ముందు గదిలో మంచం ఎత్తి గోడకు ఆనించాను.

పోయిన నెల నీ ఉత్తరం అందిన సాయంత్రం పెరట్లోకి వెళ్లి చూశాను. జాడీ ఖాళీగా ఉంది. అడుగున గడ్డి, గడ్డిలో కోడి గుడ్లు. అత్తయ్య పెరట్లో తిరిగినన్నాళ్లూ దాని మీద గోనె చూశాను. పిల్లుల భయానికి అనుకున్నాను. కోడిని లేపి, జాడీ కడిగి, సాయంత్రమే చేపలు తెమ్మని మీ అన్నయ్యతో చెప్పాను. "పొద్దున ఎగురుతున్న చేప వద్దట, రాత్రి జాడీలో పడుకున్న చేప కావాలట. వీటిని నిద్రపుచ్చాలా ఏం?" అన్నాడు. "పుచ్చాలి. నువ్వు కూడా పడుకో" అన్నాను.

మర్నాడు మొదటి చేప తోలు విప్పి చెంచా పెట్టగానే తేడా తెలిసింది. లోపలి కండ ఎప్పటిలాగే పొరలు పొరలుగా ఉంది, ఒకదాంట్లో ఒకటి ఇమిడిన విల్లుల్లాగా. కానీ ఇన్నాళ్లూ ఆ పొరల్లో పోగులు చెంచాకు తడి ఇసుకలా రాలేవి. ఆ రోజు చెంచాను పట్టుకున్నాయి. దంచుతుంటే రోకలిని వదల్లేదు. ఒక ఉండ చేసి పలక మీద వేశాను. ఎగిరి కాలువలో పడింది.

నీకు వెంటనే రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

పదో రోజున మీ నాన్నగారి వర్ధంతి. అన్నం, కాకరకాయలో ముద్ద కూరిన పులుసు, ఉడికించిన కోడి, ఆయనకు ఇష్టమైన సారా పెట్టాం. దణ్ణాలు అయ్యాక అత్తయ్య "పలక తెండి" అంది. వచ్చిన వాళ్లంతా మంచం చుట్టూ చేరారు. సేమ్యా కొట్టామె కూడా వచ్చింది, చూడ్డానికే వచ్చింది. అత్తయ్య ఎడం చేత్తో ఉండ తీసుకుని వదిలింది. అది ఆవిడ గడ్డం దాకా లేచి, మంచం కిందికి దొర్లింది. పిల్లి ఎత్తుకుపోయింది. సేమ్యా కొట్టామె "పిల్లి కూడా సాక్ష్యమే" అని మర్నాటికి ముద్ద కావాలని చెప్పి వెళ్లింది.

అందరూ పోయాక అత్తయ్య అడిగింది.

"ఏం చేశావు?"

"జాడీలో ఉంచి గోనె కప్పాను."

"ఇన్నాళ్లూ కప్పలేదా?"

"మీరు చెప్పలేదు."

"చెప్పడానికేముంది? అది పిల్లల పని" అంది.

నాకు ఒళ్లు మండింది నియెన్. ఆరేళ్లు చెంచా ఎలా పట్టాలో, రోకలి ఎక్కడ దించాలో చెప్పింది, దీన్ని లెక్కలోకే తీసుకోలేదు. మంచం మీదే ఉందిగా, మేం చేపలు పొద్దున్నే తెచ్చి కోస్తున్నట్టు కూడా ఆవిడకు తెలీదు. నా చేతిలో బరువు లేదనే అనుకుంటూ కూర్చుంది.

"ఎందుకు కప్పాలి?" అని అడిగాను. ఎప్పుడూ అడగలేదు. ఆవిడ మిగిలిన చేపను తెప్పించి, తోలు విప్పించి, వేలితో చూపించింది. "ఈ తెల్లటిదంతా పరుగు కండ. పాము వస్తేనో, వల పడితేనో ఒక్క ఉరుకు ఉరకడానికి. ఒక్క ఉరుకే, దాంతో ఉన్నదంతా అయిపోతుంది. మళ్లీ నిండాలంటే రాత్రంతా కదలకుండా ఉండాలి. నువ్వు కొట్టుకుంటున్నదాన్ని తెచ్చి కొట్టుకుంటుండగానే కోశావు. ఖాళీ కండ పులుస్తుంది, పట్టు ఉండదు. ఎంత దంచితే ఏం లాభం?"

తర్వాత తోలు కింద నడిమధ్యన ఉన్న ఎర్ర చార, కింది పొడుగాటి రెక్క మొదట్లో ఉన్న ఎర్ర పోగులు చూపించింది. "ఇది నడక కండ. రోజంతా ఈ రెక్క అలలాగా ఆడుతూనే ఉంటుంది చూడు, దీనికి అలుపు లేదు. నెత్తురు తాగుతూ పని చేసుకుపోతుంది." ఆ ఎర్రటిదాన్ని ఏం చేయాలో నాకు మొదటి ఏడే నేర్పింది. నీకు చెప్పనిది అదే.

మర్నాడు పొద్దున చూస్తే బట్టలు సర్దుకుంటోంది. ఎడం చేత్తో మూట కట్టలేక పళ్లతో ముడి వేస్తోంది. ఉండ ఎగిరింది కదా, ఇంకా ఎందుకు వెళ్తున్నారన్నాను. "ఎగిరింది కాబట్టే. ఎగరకపోతే ఇక్కడ కూర్చుని నిన్ను తిట్టే పని ఉండేది. ఇప్పుడేం పని?" అంది. రోలు వంక కూడా చూడలేదు. ఈ నెలలన్నీ రోలు నీకు పోతుందని నిద్ర లేదు నాకు. అది ఇక్కడే ఉంది. ఆవిడ వస్తోంది నీ దగ్గరికి.

"నియెన్‌కు నేర్పుతారా?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"కూతురికి నేర్పను. కూర్చుని తింటాను" అంది. ముడి బిగించి, "నేను నేర్పకూడదు. నిన్నెవరు వద్దన్నారు?" అంది.

అందుకని రాస్తున్నాను. చేపను గోనె కింద నుంచి తీసి, కొట్టి, తోలు విప్పాక చెంచాను ముళ్లు వాలిన వైపే లాగు. తోలుకు అంటుకుని నడిమధ్యన ఎర్ర చార ఉంటుంది. చెంచా దాని దాకా దిగనివ్వకు, దాన్ని తోలుతోనే వదిలెయ్. కింది రెక్క మొదలు దగ్గర వేలెడు వెడల్పు వదిలేసి గీకు. నీ ముద్ద బూడిదగా వచ్చేది ఆ ఎర్రటిది కలిసే. అందులో నెత్తురూ నూనే ఉంటాయి, మధ్యాహ్నానికల్లా వాసన వేస్తుంది. నీ కొట్టులో మధ్యాహ్నం గిరాకీ తక్కువని ఊత్ అన్నాడు, నువ్వు రాయలేదు.

ఇది మీ అమ్మ చెప్పింది కాదు. నేను చెప్పింది. మీ అత్తగారు అడిగితే మా వదిన చెప్పిందని చెప్పు.

కుండల పడవ ప్రతి రేవులోనూ ఆగుతుంది, చేరేసరికి రెండు రోజులు పడుతుంది. ఈ ఉత్తరం బస్సు టపాలో వేస్తున్నాను. ఆవిడ కంటే ముందే నీకు అందాలి.

ఆవిడకు చేప తలకాయ పెట్టు. పులుసులో చింతపండు ఎక్కువ వెయ్యి. నేను వేస్తూనే ఉన్నాను, కానీ ఆవిడ ఆ మాట ఎవరితోనూ అనదు. తుంటికి అల్లం నానేసిన సారా రాత్రిపూట రాయాలి, తన చేత్తో రాసుకోలేదు.

అత్తయ్య ఈ పొద్దున, ఎండ రాకముందు, ఊత్ పడవలో బయల్దేరింది.

మన్